పగకూ శిక్షకూ మధ్య

(ఆదోనిలో చేసిన కె. బాలగోపాల్ స్మారకోపన్యాసం)

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ విద్యార్థులారా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. అక్కడున్నవాళ్లంతా వకీళ్లే, కానీ ఈ పూట పక్కన కూర్చున్నందుకు ఫీజు అడగరు.

బాలగోపాల్ గారు 1952లో బళ్లారిలో పుట్టారు. అప్పటికి ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే మనం కర్నూలు వాళ్లమయ్యాం. కాబట్టి ఆయన మా జిల్లా మనిషి అని చెప్పుకునే హక్కు మనకు కొంచెం ఉంది. ఆయన గణితంలో డాక్టరేటు చేసి కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1985లో అరెస్టయి జైలు చూశారు. ఉద్యోగం వదులుకుని పౌరహక్కుల సంఘంలో ఏళ్ల తరబడి తిరిగారు. 1998లో మానవహక్కుల వేదికను నిలబెట్టినవాళ్లలో ముందున్నారు. నడివయసులో లా పట్టా పుచ్చుకుని హైకోర్టులో పేదల కేసులు వాదించారు. 2009 అక్టోబరు 8న, 57 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయనంటే గిట్టనివాళ్లు రెండు వైపులా ఉండేవాళ్లు. ఎన్‌కౌంటర్ మీద ప్రశ్న వేస్తే ఒకరికి కోపం వచ్చేది, ఉద్యమం పేరుతో చేసిన హత్య మీద ప్రశ్న వేస్తే ఇంకొకరికి. చంపిన చెయ్యి ఎవరిదైనా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

ఆ ప్రశ్ననే ఈరోజు కాస్త వెడల్పు చేస్తాను. రాజ్యం మనిషిని శిక్షించవచ్చా? శిక్షిస్తే ఏ అధికారంతో, ఎంతవరకు? టీకి లేచి వెళ్లేవాళ్లు ఉంటారు కనక నా మాట ముందే చెప్పేస్తాను. శిక్షించే హక్కు రాజ్యానికి పగ వల్ల రాలేదు. పగను మీ చేతుల్లోంచి తీసుకుంటాను, మీరు కత్తి దించండి అని ఇచ్చిన మాట వల్ల వచ్చింది. ఆ మాట తప్పినచోటల్లా రాజ్యం మూడో ముఠా అవుతుంది. ఇక వివరంలోకి వెళ్దాం.

1

ముఠా అంటే ఏమిటో ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మన ఊళ్లలో ఒక హత్య జరిగితే అది ఇద్దరి మధ్య జరిగిన హత్య కాదు. దానికి ముందొక హత్య ఉంటుంది, తర్వాత ఒకటి రావాల్సి ఉంటుంది. బాకీ తీరేదాకా పోయినవాడి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఎదుటి ఇంట్లోనూ పట్టదు, వాళ్ల కారణం వేరు. ఈ లెక్కను ఆపడానికి బయటి మనిషి ఒకడు కావాలి. వాడు ఏ పక్షమూ కాకూడదు, రెండు పక్షాలకన్నా బలవంతుడై ఉండాలి. రాజ్యం శిక్షించడానికి నాకు తెలిసిన గట్టి సమర్థన ఇదొక్కటే.

చరిత్రలో మాత్రం రాజ్యం మన దగ్గరికి అలా రాలేదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. పాలెగాళ్లను ఒక్కొక్కరిగా అణిచాడు. 1801లో, ఇప్పుడు దేవనకొండ మండలంలో ఉన్న తెర్నేకల్లు శిస్తు కట్టనని ఎదురు తిరిగితే, జనరల్ క్యాంప్‌బెల్ సేన ఆ చిన్న కోటను ముట్టడించింది. ఆ తిరుగుబాటులో ముందు నిలిచిన ముత్తుకూరు గౌడప్పను ఉరి తీశారని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. శిస్తు అడిగినవాడూ, ఎదురుతిరిగితే కాల్చినవాడూ, నేరమని తేల్చినవాడూ, ఉరి వేసినవాడూ ఒకడే. మన్రో మంచివాడని మన జిల్లాల్లో బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. నేను ఆయన గుణం గురించి మాట్లాడటం లేదు. రాజ్యం మనకు పరిచయమైంది పెద్దమనిషిగా కాదు, బలమైన పక్షంగా అంటున్నాను. ఆ వాసన ఇంకా పోలేదు.

2

శిక్ష భయం పుట్టించాలి, లేకపోతే లోకం నిలవదు అంటారు. టీ కొట్టు దగ్గర ఈ మాట అనని మనిషి లేడు. దీనికి మన సీమ చరిత్రలోనే పెద్ద పరీక్ష జరిగింది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో, కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం ముందే ఉరి తీశారు. తలను కోట బురుజుకు వేలాడదీశారు, 1877 దాకా అక్కడే ఉంచారు. 30 ఏళ్లు. ఇంతకన్నా భయపెట్టే శిక్షను ఏ ప్రభుత్వం రాయగలదు? ఏమైంది? కంపెనీ అధికారుల పేర్లు ఎవరికీ గుర్తులేవు. నరసింహారెడ్డి మీద పాటలు పుట్టాయి, 2019లో సినిమా వచ్చింది. సీమలో కత్తులూ ఆగలేదు.

ఇంకో ఉదాహరణ నవ్వు తెప్పిస్తుంది. దసరా రాత్రి దేవరగట్టులో జరిగే కర్రల సమరం బన్నికి ఏటా వందల మంది పోలీసులు వస్తారు, కెమెరాలు పెడతారు, ముందే ఊళ్లలో తిరిగి కర్రలు లాక్కుంటారు. అయినా మాళ మల్లేశ్వరుడి విగ్రహాల కోసం ఏటా తలలు పగులుతాయి. తల పగిలినవాడు గాయానికి పసుపు అద్దుకుని ఇంటికి పోతాడే గాని స్టేషనుకు పోడు. దెబ్బ తిన్నవాడే దాన్ని నేరమనుకోనప్పుడు చట్టపుస్తకంలో ఎన్నేళ్లు రాసి ఉంటే ఏం లాభం? నేను బన్నిని వెనకేసుకు రావటం లేదు. శిక్షకు భయం ఒక్కటే సరిపోదని, జనం ఒప్పుదల కూడా కావాలని చెప్తున్నాను.

అయినా భయం అసలు పనిచేయదంటే అది అబద్ధం. దొరికిపోతాననే భయం పనిచేస్తుంది. ఎన్నేళ్లు పడుతుందన్న భయం అంతగా పనిచేయదు. కేసు పదేళ్లు నడుస్తుంది, ఈలోపు సాక్షులు తిరగబడతారు, పెద్దలు కూర్చుని రాజీ చేస్తారు. ఇది కోర్టు వరండాలో వేరుశనక్కాయలు అమ్మే మనిషికి కూడా తెలుసు. అలాంటప్పుడు చట్టంలో ఏడేళ్లను పద్నాలుగేళ్లు చేస్తే భయపడేదెవరు? మన శాసనసభలు మాత్రం పత్రికల్లో గోల లేచిన ప్రతిసారీ ఆ పనే చేస్తాయి. కానిస్టేబుళ్లను పెంచాలంటే ఖర్చు, ఫోరెన్సిక్ ల్యాబు పెట్టాలంటే ఖర్చు. సంవత్సరాలు పెంచడానికి సిరా చాలు.

3

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఓర్చుకోండి.

నీతిశాస్త్రం పుస్తకాలు శిక్ష గురించి చెప్పేటప్పుడు తీర్పు తర్వాత పడే శిక్ష గురించే చెప్తాయి. ఆదోని, ఎమ్మిగనూరు కోర్టుల్లో నల్లకోటు వేసుకుని తిరిగిన నాకు తెలిసిన శిక్షల్లో చాలా మటుకు తీర్పుకు ముందే అయిపోతాయి. దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే నేరం రుజువు కానివాళ్లు.

మన పడమటి మండలాల్లో దీనికి ఒక ప్రత్యేకమైన రూపం ఉంది. వానలు మొహం చాటేసిన ఏడాది దీపావళి దాటాక కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. సుగ్గికి పోతారు. గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు బిల్డింగు పనులకు, ముసలివాళ్లను ఇంటికి కాపలా పెట్టి, పిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోతారు. ఇప్పుడు ఆ ఊళ్లో ఒక కూలీ మీద గట్టు తగాదా కేసు ఉందనుకోండి. బెయిలు వచ్చింది. వాయిదా జనవరిలో పడింది. మనిషి గుంటూరు జిల్లాలో మిరప చేలో ఉన్నాడు. రావాలంటే రానూ పోనూ ఛార్జీలు, రెండు రోజుల కూలీ. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఇంకా తీరలేదు, పంపడు. కోర్టులో బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు. వరండాలో ఎవరూ కదలరు. వకీలు లేచి ఒకసారి గడువు అడుగుతాడు, రెండోసారీ అడుగుతాడు, మూడోసారి జడ్జి గారు నాన్ బెయిలబుల్ వారెంటు రాస్తారు. జడ్జి గారి తప్పు కూడా లేదు, ఆయన ముందున్న కాగితంలో సుగ్గి అన్న మాట లేదు.

ఉగాదికి మనిషి తిరిగొస్తాడు. పోలీసులు వచ్చి పట్టుకుపోతారు. బెయిలు మళ్లీ మొదటినుంచి. ఈసారి జామీనుదారులు ఇద్దరు కావాలి, పాసుపుస్తకాలు కావాలి. సొంత భూమి లేనివాడికి పాసుపుస్తకం ఉన్నవాడు జామీను ఉండాలంటే వాడి దగ్గర ఏదో ఒకటి తాకట్టు పెట్టాలి. కొన్నిసార్లు పెట్టేది వచ్చే సుగ్గి కూలీనే. చివరికి ఆ గట్టు తగాదా కేసు కొట్టేశారనుకోండి, అది ఎక్కువ కేసుల్లో జరిగేదే. నిర్దోషి. సబ్‌జైల్లో గడిపిన రోజుల్ని ఎవరు తిరిగి ఇస్తారు? రుజువైతే ఆ సెక్షన్ కింద పడే శిక్షకన్నా ఎక్కువ అనుభవించి బయటపడ్డవాళ్లను నేను చూశాను.

ఒకే రకం కేసు ఉన్న ఇద్దరిలో వాయిదాకు రాగలిగినవాడు జైలు బయట ఉంటాడు, రాలేనివాడు లోపల ఉంటాడు. ఇది ఏ రకం శిక్ష? దేనికి శిక్ష? పేదరికానికి అని నేను ఆవేశంగా అనగలను గాని బాలగోపాల్ గారి స్మారక సభలో ఆవేశం కన్నా లెక్క ముఖ్యం. లెక్క చెప్తాను. శిక్ష న్యాయమైనది కావాలంటే అది చేసిన పనికి సరిపోవాలి. ఇక్కడ శిక్ష కొలత చేసిన పనిని బట్టి రాలేదు, వానను బట్టి వచ్చింది.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో పడ్డవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద వదలాలి, మిగతావాళ్లను సగం గడిపాక. మంచి మాటే. కానీ దాని కిందనే ఇంకో మాట ఉంది: ఒకటికన్నా ఎక్కువ కేసులు నడుస్తున్నవాళ్లకు ఇది వర్తించదు. ముఠా ఊళ్లలో మనిషి మీద ఒక్క కేసే ఉంటుందా? ఒక గొడవకు కేసు, ఎదురు కేసు. తర్వాత తహసీల్దారు దగ్గర బైండోవరు. తర్వాత రౌడీషీటు. దీన్ని ఏ కోర్టూ తెరవదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల కింద స్టేషన్లోనే తెరుస్తారు. పండగ వచ్చినా ఎన్నికలొచ్చినా స్టేషను అరుగు మీద కూర్చోవాలి. కొడుక్కి పెళ్లి సంబంధం వచ్చినవాళ్లు ముందు ఆ షీటు గురించే ఆరా తీస్తారు. జడ్జి మొహం చూడకుండానే జీవితాంతం నడిచే శిక్ష అది.

4

కప్పట్రాళ్ల పేరు ఎత్తకుండా ఈ గడ్డ మీద శిక్ష గురించి మాట్లాడలేం. 2008 మే నెలలో ఆ ఊరి నాయకుణ్ణీ, ఆయన వెంట ఉన్న పదిమందినీ దారికాచి చంపారు. పదకొండు ప్రాణాలు. 2014 చివర్లో ఇక్కడే, ఆదోని కోర్టులోనే, ఎంతోమందికి యావజ్జీవం పడింది. ఎవరు చేశారు, ఎవరు చేయలేదు అన్నది నా విషయం కాదు, దానికి పైకోర్టులున్నాయి. నేను చూసేది తీర్పు మర్నాటి ఊరిని.

పోయినవాళ్ల ఇళ్లూ, జైలుకు పోయినవాళ్ల ఇళ్లూ దూరంగా ఉండవు. నీళ్లకు పోయే దారి ఒకటే. రెండు రకాల ఇళ్లలోనూ మడక పట్టే మగవాడు లేడు. పిల్లలు పెరుగుతుంటారు. తీర్పు రాసిన కాగితంలో ఈ పిల్లల గురించి ఒక్క వాక్యం ఉండదు, ఉండాలని చట్టమూ చెప్పదు. అప్పటి జిల్లా ఎస్పీ ఆకె రవికృష్ణ ఈ సంగతి గ్రహించి కప్పట్రాళ్లను దత్తత తీసుకున్నారు. ఊళ్లోకి పనులు తెచ్చారు, పత్రికలు మెచ్చుకున్నాయి. నేనూ మెచ్చుకుంటాను. కానీ ఒక్కసారి ఆలోచించండి. మనుషుల్ని జైలుకు పంపిన శాఖే వచ్చి ఊరి బాగు చూడాల్సి వచ్చింది. ఎందుకంటే ఇంకే శాఖా అది తన పని అనుకోలేదు. అది ఒక అధికారి మంచితనం మీద నడిచింది. అధికారికి బదిలీ ఉంటుంది, యావజ్జీవానికి ఉండదు.

శిక్ష వేసిన రోజున రాజ్యం పని అయిపోయిందనుకుంటాం. నా లెక్కలో ఆ రోజున మొదలవుతుంది. పగ మీరు తీర్చుకోవద్దు, నేను చూసుకుంటానని చెప్పినవాడు చూసుకోవాలి కదా. పోయినవాడి భార్యకు నష్టపరిహారం ఇచ్చే పథకం చట్టంలో ఉంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా. ఆ సంగతి తెలిసి అర్జీ పెట్టినవాళ్లు మన పల్లెల్లో ఎంతమంది? జైలుకు పోయినవాడి భార్య సంగతి ఎటూ ఏ పథకంలోనూ లేదు.

యావజ్జీవం పడ్డ మన ప్రాంతం వాళ్లను కడప సెంట్రల్ జైలుకు పంపుతారు. ఆదోని స్టేషన్లో రైలెక్కి గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల దాటి పోవాలి. ములాఖత్‌కు పోయి వచ్చిన ఒకామెను నేను ఆ రైల్లోనే కలిశాను. ఆమె సంచిలో నాలుగు జొన్నరొట్టెలు, శనగ్గింజల పొడి ఉన్నాయి. ఇంటి తిండి లోపలికి పోనివ్వలేదట. తిరుగు రైల్లో వాటిని నాకూ పెట్టింది. ఆయన ఎట్లున్నాడని అడిగితే, బరువు పెరిగినాడు, మేమే తగ్గినాము అంది. శిక్ష పడ్డది ఒకరికి, తిన్నది ఇంటిల్లిపాది. దీన్ని పూర్తిగా తప్పించలేం, నాకు తెలుసు. తగ్గించడం మాత్రం రాజ్యం చేతిలో ఉంది: దగ్గరి జైలు, కూలీ ఇచ్చే జైలు పని, అనంతపురం దగ్గర ఉన్నటువంటి ఆరుబయలు జైళ్లు ఇంకొన్ని.

5

మరణశిక్ష గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే ఇంతవరకూ చెప్పింది ఒప్పుకున్నవాళ్లకు మిగతాది దానంతటదే వస్తుంది. పగను ఆపుతానని వచ్చినవాడు ప్రాణానికి ప్రాణం తీస్తే ఆపింది ఏమిటి?

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లి 1974లో సుప్రీంకోర్టులో తేలిన ఈడిగ అనమ్మ కేసు లా విద్యార్థులు చదువుతారు. అత్తింటివాళ్లు కొట్టి తరిమేసిన యువతి, చంకలో బిడ్డ. అసూయతో ఇంకో స్త్రీనీ, ఆమె బిడ్డనూ చంపింది. చేసిన పని ఘోరం, అందులో వాదన లేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె వయసూ, ఆమె బతుకూ, ఉరి భయం కింద ఆమె గడిపిన కాలమూ చూసి యావజ్జీవానికి తగ్గించారు. పనిని మాత్రమే కాక మనిషిని కూడా చూసి కొలిచారు.

1993 మార్చిలో చిలకలూరిపేట దారిలో బస్సు దోచుకోబోయి పెట్రోలు పోసి తగలబెడితే 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. క్షమాభిక్ష ఒకసారి తిరస్కరించారు, తేదీ దాకా వచ్చింది. హక్కుల సంఘాలు, రచయితలు పట్టుబడితే 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవానికి మార్చారు. 23 కుటుంబాల మొహం చూసి ఈ మాట చెప్పగలవా అని నన్ను అడుగుతారు. చెప్పడం కష్టమే. కానీ ఆ కుటుంబాలకు ఆ తర్వాత ఏం చేశాం అని తిరిగి అడుగుతాను. ఉరి అడిగిన గొంతులు ఈ ప్రశ్న దగ్గర ఎప్పుడూ సన్నబడతాయి.

ఇక కోర్టుతో పనిలేని ఉరి ఉంది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి వంతెన దగ్గర, అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు, జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే కాల్చారని తేల్చి 10 మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపమంది. పూలు చల్లినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. కోర్టు మీద నమ్మకం పోయినవాళ్లు. నేను మూడో విడతలో చెప్పిన వాయిదాలకూ ఆ పూలకూ సంబంధం ఉంది. ఎన్‌కౌంటర్ మరణం జరిగిన ప్రతిసారీ ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందేనని 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ వాదనలు వినిపించినవాళ్లలో బాలగోపాల్ గారు ఒకరు. సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది. అయినా ఆత్మరక్షణ అన్నది చెప్పగానే ఒప్పుకునే మాట కాదు, కోర్టులో రుజువు చేయాల్సిన మాట అన్న తర్కానికి ఇప్పటికీ నాకు జవాబు కనిపించలేదు.

6

చివరగా ఒక ఆచరణ విషయం. కొత్త న్యాయసంహితలో సమాజ సేవ అనే శిక్ష మొదటిసారి వచ్చింది. అయిదు వేల రూపాయలలోపు దొంగతనం మొదటిసారి చేసి సొమ్ము తిరిగిచ్చినవాడికి, తాగి వీధిలో అల్లరి చేసినవాడికి, ప్రకటన వేసినా కోర్టుకు రానివాడికి కూడా, జైలు బదులు సమాజానికి పనికొచ్చే పని చేయమని కోర్టు చెప్పొచ్చు. కూలీ ఇవ్వరు. నేను దీన్ని స్వాగతిస్తాను. సుగ్గి నుంచి తిరిగొచ్చిన మనిషిని సబ్‌జైలుకు పంపడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

కానీ ఏ పని? చట్టం జాబితా ఇవ్వలేదు. రేపు ఆదోనిలో ఒక మేజిస్ట్రేటు గారు, తాగి గొడవ చేసిన కుర్రాణ్ణి వారం పాటు బజారు ఊడ్వమన్నారనుకోండి. పత్రికలో ఫొటో వస్తుంది, అందరం బాగుందంటాం. తెల్లవారుజామున అదే బజారు రోజూ ఊడ్చే అమ్మ ఆ ఫొటో చూస్తే ఏమనుకుంటుంది? తాను ముప్పై ఏళ్లు చేసిన పని ఇంకొకరికి శిక్ష అయింది. ఆ పని ఎవరి కులానికి అంటగట్టి ఉందో ఈ హాల్లో అందరికీ తెలుసు. ఒకరికి శిక్ష వేసే పేరుతో రాజ్యం ఇంకొకరిని అవమానించకూడదు.

ఆస్పత్రిలో రోగుల చీటీలు రాసే పని ఉంది, వేసవిలో బడి చెట్లకు నీళ్లు మోసే పని ఉంది, గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పని ఉంది. మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతుకు ఫారాలు నింపిపెట్టే పని కూడా ఉంది, చదువుకున్న తాగుబోతులకు అది బాగా నప్పుతుంది. బార్ అసోసియేషన్ మిత్రులు ఇక్కడే ఉన్నారు. ఆదోని, ఎమ్మిగనూరు కోర్టుల కోసం ఇలాంటి పనుల జాబితా ఒకటి మీరు రాసి జిల్లా జడ్జి గారికి ఇవ్వండి. దాంతోపాటు డిసెంబరు నుంచి ఉగాది దాకా సుగ్గి కూలీల కేసులకు వాయిదాలు వేయొద్దని, వేస్తే ఫోన్లో హాజరును ఒప్పుకోమని ఒక అర్జీ. జాబితా రాసే రోజున మునిసిపల్ పారిశుధ్య కార్మికుల మనిషి ఒకరు, సుగ్గికి పోయొచ్చిన మనిషి ఒకరు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. వాళ్లకు కుర్చీలు వేయించే పని నాది. తేదీ చెప్పండి.